తిమ్మిర్లు, సూదిపోట్లు, చురచురలు: కారణం ఎక్కడుందో దశలవారీగా తేల్చుకోవడం

అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుంది, వేళ్ళ చివర సూదులు గుచ్చినట్టుంది, తొడ మీద చుర్రుమంటోంది అనగానే ఇంటా బయటా వినిపించే మాట "నరాల బలహీనత". ఆ వెంటనే మందుల షాపు నుంచి బలం గోళీలు వచ్చేస్తాయి. నిజానికి నరాల బలహీనత అనే పేరుతో ఏ జబ్బూ లేదు. నరం ఎక్కడో నలుగుతుంటేనో, దానికి పోషణ అందకపోతేనో, ఏదైనా విషం తగిలితేనో తిమ్మిరి పుడుతుంది. అది ఎక్కడ, ఎందుకు అని తేల్చకుండా గోళీలు మింగితే అసలు కారణం లోలోపల ముదురుతుంది. పైగా ఆ గోళీల్లో ఉండే విటమిన్ వల్ల, తర్వాత చేయించే బీ12 పరీక్ష బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే ముందు చోటు, తర్వాత కాలం, ఆ తర్వాత పరీక్ష, చివరికి మందు. ఈ వరస తప్పొద్దు.

మొదటి దశ: ఆగకూడని పరిస్థితులు

ఉన్నట్టుండి ఒక పక్క ముఖం, చెయ్యి, కాలు మొద్దుబారితే అది పక్షవాతం అనుకునే కదలాలి. మూతి వంకరపోయినా, మాట ముద్దగా వస్తున్నా, రెండు చేతులూ చాపితే ఒకటి కిందికి వాలిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. స్కాన్ తీసే సమయం కూడా అందులోనే పోతుంది. నిద్రలేచేసరికే అలా ఉంటే, చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకుని చెప్పాలి. దారిలో నోట్లో నీళ్ళు గానీ మందు గానీ పోయొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పది నిమిషాల్లో అంతా సర్దుకున్నా ఆ రోజే వెళ్ళాలి, ఎందుకంటే పెద్ద పక్షవాతానికి ముందు ఇలాంటి చిన్నవి వస్తుంటాయి.

రెండోది, రెండు పాదాల్లో మొదలైన తిమ్మిరి రోజుల వ్యవధిలో పైకి పాకుతూ, దానితోపాటు కాళ్ళలో సత్తువ తగ్గుతూ రావడం. మెట్లెక్కలేకపోవడం, కింద కూర్చుంటే లేవలేకపోవడం కనిపిస్తే గిలియన్ బారె సిండ్రోమ్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే జబ్బు అనుమానించాలి. విరేచనాలో జలుబో తగ్గిన ఒకటి నుంచి నాలుగు వారాల తర్వాత ఇది వస్తుంది. 2025 జనవరిలో పుణెలో ఒక్కసారిగా చాలామందికి వచ్చింది ఇదే. ఊపిరి తీసే కండరాలకు పాకితే వెంటిలేటర్ కావాలి కాబట్టి "రెండు రోజులు చూద్దాం" అనడానికి లేదు.

మూడోది, నడుము నొప్పితోపాటు మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ పోవడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం. వెన్నెముక అడుగున ఉండే నరాల గుత్తి నలుగుతోందని అర్థం. అదే రోజు ఎంఆర్‌ఐ తీయాలి. అవసరమైతే ఆపరేషన్ కూడా వెంటనే చెయ్యాలి.

నాలుగోది, కందిరీగ కుట్టాకో, కొత్త మందు వేసుకున్నాకో నిమిషాల్లో పెదాలు, అరచేతులు చురచురలాడి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుపోతున్నట్టు అనిపించడం. ఇది తీవ్రమైన అలర్జీ. దీనికి పనిచేసేది అడ్రినలిన్ ఇంజెక్షన్, అలర్జీ గోళీ కాదు.

రెండో దశ: ఒంటి మీద హద్దు గీయండి

పై నాలుగూ కాకపోతే ఒక అరగంట కేటాయించండి. కావలసినవి ఒక బాల్‌పెన్ను, కాస్త దూది, శుభ్రమైన చీపురుపుల్ల, ఫ్రిజ్‌లో పెట్టి తీసిన స్టీలు చెంచా. సూది వాడొద్దు. స్పర్శ లేని కాలి మీద సూది గీతే పుండుగా మారొచ్చు.

తిమ్మిరిగా ఉన్న చోటు మధ్యలో దూదిని ఒత్తకుండా తాకించి, అక్కడి నుంచి బాగున్న వైపుకు కొంచెం కొంచెంగా జరపండి. తేడా తెలిసిన చోట పెన్నుతో చుక్క పెట్టండి. అన్ని వైపులా ఇలా చేసి చుక్కలు కలిపితే హద్దు వస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి, డాక్టరుకు పది నిమిషాల మాటలకన్నా ఈ ఫొటోతో ఎక్కువ తెలుస్తుంది. తర్వాత చీపురుపుల్ల కొసను ఒకసారి, దాని పక్క భాగాన్ని ఒకసారి ఆనించి, ఏది కొసో ఏది కాదో కళ్ళు మూసుకుని చెప్పగలరేమో చూడండి. చల్లని చెంచా చల్లగా అనిపించకపోతే సన్నని నరాలు దెబ్బతిన్నట్టు. ఇవి దెబ్బతిన్నప్పుడే మంటలు ఎక్కువ.

షుగర్ ఉన్నవాళ్ళు ఇంకొకటి కూడా చెయ్యాలి. కళ్ళు మూసుకుని పడుకుంటే ఇంట్లో ఇంకొకరు రెండు పాదాల బొటనవేలు, మధ్య వేలు, చిటికెన వేలు కొసలను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్లు వేలితో అలా ఆనించి తీసెయ్యాలి. నొక్కకూడదు, రాయకూడదు. తాకింది తెలియగానే కుడి, ఎడమ అని చెప్పాలి. ఈ ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే ఆ పాదాలకు పుండు పడే ముప్పు ఉన్నట్టే.

ఇప్పుడు హద్దు ఆకారం చూడండి. మేజోడు తొడిగినట్టు రెండు పాదాల్లోనూ సమానంగా ఉంటే కారణం రక్తంలో వెతకాలి. ఒక చేతిలో కొన్ని వేళ్ళకే ఉంటే ఏదో ఒక నరం నలుగుతోంది. నడుము నుంచి పాదం దాకా గీతలా దిగితే వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ నరాన్ని నొక్కుతుండొచ్చు. ఛాతీ మీదో వీపు మీదో ఒక పక్కకే పట్టీలా మంట, చురుకు ఉండి ఇంకా ఏమీ కనబడకపోతే రెండు మూడు రోజుల్లో అక్కడ నీటిపొక్కులు లేస్తాయేమో కనిపెట్టి ఉండండి. అది సర్పి. పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు యాంటీవైరల్ మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆకుపసరు పూస్తూ కూర్చుంటే ఆ మూడు రోజులూ గడిచిపోతాయి.

రాగి రంగులోనో, పాలిపోయో ఉన్న మచ్చ, దాని మీద దురద లేదు, దూది తాకితే తెలియదు అంటే కుష్ఠు పరీక్ష తప్పనిసరి. మోచేయి లోపలి ఎముక వెనక నరం తాడులా లావుగా చేతికి తగలడం కూడా దీని గుర్తే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందులు పూర్తిగా ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది వాడితే నయమవుతుంది. స్పర్శ పోయి ఆరు నెలలు దాటకపోతే మందుతో చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. సిగ్గుపడి దాచుకుంటే పోయేది ఆ అవకాశమే.

మూడో దశ: ఒక్క చేతికో, ఒక్క కాలికో అయితే

చేతి తిమ్మిరికి ఉంగరం వేలే తూకంరాయి. దాని రెండు పక్కల్నీ విడివిడిగా దూదితో తాకి చూడండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలిలో మధ్య వేలి వైపు సగం మొద్దుగా ఉండి, అరచేతిలో బొటనవేలి కింది దిండు మాత్రం బాగుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోంది. ఇదే కార్పల్ టన్నెల్. అర్ధరాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే తగ్గడం దీనికి పెద్ద గుర్తు. రెండు మణికట్లూ వంచి చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి 60 సెకన్లు ఉంచితే తిమ్మిరి మొదలవుతుంది. బీడీలు చుట్టేవాళ్ళు, కుట్టుపని చేసేవాళ్ళు, రోజంతా బండి హ్యాండిల్ పట్టుకునేవాళ్ళు, చివరి నెలల గర్భిణులు, థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళలో ఎక్కువ. మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీని రాత్రిళ్ళు ఆరు వారాలు కట్టుకోవాలి. పగలు కట్టుకుని రాత్రి తీసేస్తే ప్రయోజనం ఉండదు, నిద్రలోనే చెయ్యి వంగిపోతుంది కాబట్టి. బొటనవేలి కింది కండ పలచబడితే మాత్రం పట్టీతో కాలక్షేపం చెయ్యకుండా సర్జన్ దగ్గరికి వెళ్ళాలి.

చిటికెన వేలు, ఉంగరం వేలిలో దాని వైపు సగం, చెయ్యి వెనక ఆ పక్కా తిమ్మిరైతే మోచేయి. మోచేయి బల్ల మీద ఆనించి పని చెయ్యడం, చెయ్యి మడిచి ఫోన్ చెవికి పెట్టుకోవడం, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోవడం మానాలి. రాత్రి మోచేతికి తువ్వాలు వదులుగా చుడితే మడత పడదు. ఉంగరం వేలు రెండు పక్కలా ఒకేలా మొద్దుగా ఉండి, ముంజేతి లోపలి వైపు కూడా తేడా ఉంటే, మెడ తిప్పినప్పుడు జివ్వున దిగుతుంటే మెడ ఎముకల్లో చూడాలి.

తొడ బయటి వైపు అరచేయంత మేర మంట, చురుకు, బట్ట తగిలినా చిరాకు. కాలు మాత్రం గట్టిగానే ఉంటుంది. నడుం ఎముక ముందు కొన దగ్గర ఒక స్పర్శ నరం నలగడమే ఇది. బిగుతు బెల్టు, బిగుతు జీన్సు, పెరిగిన పొట్ట, గర్భం కారణాలు. వదులు చేస్తే వారాల్లో తగ్గుతుంది, డిస్క్ అనుకుని భయపడక్కర్లేదు.

నాట్లు, కలుపు, టైల్స్ పని లాంటివాటిలో గంటల తరబడి గొంతుక్కూర్చునేవాళ్ళకు మోకాలి బయటి వైపు నరం నలిగి పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. కాసేపట్లో తగ్గితే పరవాలేదు. లేచాక మడమల మీద నడవలేకపోతే, పాదం ముందుభాగం లేవక వేళ్ళు నేలకు తగులుతుంటే నరం బాగా దెబ్బతింది. డిస్క్ వల్ల కూడా ఇలాగే జరుగుతుంది కాబట్టి డాక్టరే తేల్చాలి. పనిలో ప్రతి ఇరవై నిమిషాలకోసారి లేచి నిలబడటం ఒక్కటే దీనికి నివారణ.

నాలుగో దశ: రెండు కాళ్ళకూ సమానంగా అయితే

నడుము నుంచి కాలివేళ్ళ దాకా వెళ్ళే నరాలు ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవి. రక్తంలో చెడు ఉంటే వాటి కొసలే ముందు దెబ్బతింటాయి. అందుకే షుగర్ తిమ్మిరి వేళ్ళ కొసల్లో మొదలై నెలలు, ఏళ్ళ మీద పిక్కల దాకా వస్తుంది, అప్పుడు గానీ చేతివేళ్ళకు అంటుకోదు. పాదాలకన్నా ముందో, పాదాలతోపాటో చేతుల్లో మొదలైతే "షుగరే" అని సరిపెట్టుకోవద్దు. బీ12 లోపమో, మెడలో వెన్నుపాము నలగడమో అయ్యుండొచ్చు.

బీ12 గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది పూర్తిగా నయం చెయ్యగలిగిన కారణం, ఆలస్యమైతే మాత్రం పూర్తిగా నయం కాని కారణం. ఇది జంతు సంబంధమైన ఆహారంలోనే దొరుకుతుంది. గోంగూర, మునగాకు ఎంత తిన్నా ఇనుము, ఇతర పోషకాలే వస్తాయి తప్ప బీ12 రాదు. పాలు, పెరుగు, గుడ్లు తగినంత తినని శాకాహారులకు, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులకు, గ్యాస్ట్రిక్ అంటూ రోజూ పరగడుపున పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వేసుకునేవాళ్ళకు, పేగు ఆపరేషన్ అయినవాళ్ళకు లోపం వస్తుంది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే తూలడం, చీకట్లో నడక తడబడటం, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకుండా నాలుగడుగులు వెళ్ళిపోవడం, మెడ వంచితే వీపులోకి కరెంటు కొట్టినట్టుండటం కనిపిస్తే వెన్నుపాముకే తగిలినట్టు. రక్తం తక్కువగా ఉందని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు ఈ భయంతో మందు మానెయ్యకండి. ఏడాదికోసారి బీ12 చూపించుకుంటే సరిపోతుంది.

షుగర్ విషయంలో ఒక వింత ఉంది. ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఇన్సులిన్‌తో రెండు మూడు నెలల్లో ఒక్కసారిగా దించేస్తే కొందరికి మంటలు ఉన్నట్టుండి విజృంభిస్తాయి. ఇన్సులిన్ పడలేదని మానేస్తారు చాలామంది. అది పొరపాటు. చాలామందికి నెలల మీద నెమ్మదిస్తుంది. డాక్టరుకు చెప్పి అప్పటివరకు మంటకు మందు వాడాలి.

మద్యం సంగతి దాచకుండా చెప్పండి. మద్యమూ నరాలకు విషమే, దానికి తోడు సరిగా తినకపోవడం వల్ల బీ1 కూడా అందదు. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ నరాలను దెబ్బతీస్తుంది, అందుకే దానితోపాటు పైరిడాక్సిన్ (బీ6 విటమిన్) ఇస్తారు, ఆ చిన్న గోళీ ఎందుకులే అని వదిలెయ్యొద్దు. కీమో మందుల్లో ఆక్సాలిప్లాటిన్ తీసుకున్న రోజుల్లో చల్లని నీళ్ళు ముట్టుకుంటేనే చురుక్కుమంటుంది. శ్రీకాకుళం ఉద్దానంలోలా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న చోట రెండు కాళ్ళ తిమ్మిరి కనబడితే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ముందుకు పోకూడదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో బోరునీళ్ళు తాగి పెరిగినవాళ్ళలో పళ్ళ మీద గోధుమ రంగు చారలు, మెడ, నడుము బిగుసుకుపోవడం, కాళ్ళూ చేతుల్లో తిమ్మిరి కలిసి ఉంటే ఫ్లోరైడ్ వల్ల వెన్నెముక కాలువ ఇరుకై వెన్నుపాము నలుగుతోందేమో చూడాలి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఐదో దశ: పురుగుమందు, మిరప, చర్మం

పత్తికో మిరపకో మందు కొట్టి వచ్చిన సాయంత్రం ముఖం, మెడ, చేతులు చురచురలాడుతూ, చెమట పడితే ఇంకా మండుతుంటే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందు కారణం కావచ్చు. మామూలుగా చర్మం ఎర్రబడదు, పొక్కు లేవదు, అందుకే ఎవరూ నమ్మరు. మందు నేరుగా చర్మంలోని నరాల కొసల మీద పనిచేస్తుంది. తగిలిన అరగంట నుంచి కొన్ని గంటల్లో మొదలై సాధారణంగా 24 గంటల్లో పోతుంది. మందు అంటిన చేత్తో చెమట తుడుచుకోవడం వల్ల ముఖానికి ఎక్కువ.

వెంటనే ఆ బట్టలు విప్పి వేరుగా పడెయ్యాలి. చల్లని నీళ్ళు, సబ్బుతో ఒకటికి రెండుసార్లు కడగాలి. వేడినీళ్ళు పోసుకుంటే మంట రెట్టింపవుతుంది. బాగా కడిగాక విటమిన్ ఈ ఉన్న క్రీము రాస్తే ఉపశమనం ఉంటుంది. కడగకముందు ఏదీ రాయొద్దు. అసలు జాగ్రత్త ఒకటుంది. మార్కెట్లో ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందుతో సైపర్‌మెత్రిన్ కలిపినవి చాలా ఉన్నాయి. చురచురతోపాటు నోట్లో నీరూరడం, విపరీతమైన చెమట, వాంతులు, కంటిపాప సూదిమొనంత అవడం, కండరాలు అదరడం కనిపిస్తే అది ఆర్గానోఫాస్ఫేట్ విషం. డబ్బాను గానీ దాని లేబుల్‌ను గానీ వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ జాతి మందుల్లో కొన్నింటి వల్ల బతికి బయటపడ్డాక కూడా రెండు మూడు వారాలకు పాదాల్లో తిమ్మిరి, బలహీనత రావొచ్చు.

ఎండుమిరప తొడిమలు తీసేవాళ్ళ చేతిమంటకు నీళ్ళకన్నా ముందు నూనె రాసి తుడిచి, ఆపైన సబ్బుతో కడిగితే మేలు, మిరప ఘాటు నూనెలో కరుగుతుంది. చెమటకాయలు, పొడిబారిన చర్మం చిటపటలాడటం కూడా సూదిపోటులాగే ఉంటాయి, కానీ దూదితో తాకితే స్పర్శ మామూలుగానే తెలుస్తుంది.

ఆరో దశ: పెదాలు, వేళ్ళ కొసలు రెండు పక్కలా ఒకేసారి

కంగారులో గబగబా ఊపిరి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, దానివల్ల నరాలకు అందే కాల్షియం తాత్కాలికంగా తగ్గి పెదాలు, వేళ్ళు చిమచిమలాడతాయి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలితే కొన్ని నిమిషాల్లో తగ్గుతుంది. సంచిలో ఊపిరి పీల్చడం లాంటివి చెయ్యొద్దు. మొదటిసారి వచ్చినా, ఛాతీనొప్పి ఉన్నా గుండె పరీక్ష చేయించాకే దీన్ని కంగారు అనుకోవాలి. థైరాయిడ్ ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లో పెదాల చుట్టూ ఇలా ఉండి, వేళ్ళు కొంకర్లు పోతుంటే కాల్షియం నిజంగానే పడిపోయింది, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఏడో దశ: ఏ పరీక్షలు, ఏ తిరకాసులు

రెండు కాళ్ళ తిమ్మిరికి మొదట అడగాల్సినవి: పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), సీబీపీ (రక్తకణాల లెక్క), బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), క్రియాటినిన్. ఒకేసారి ఎంఆర్‌ఐకి, మొత్తం బాడీ ప్యాకేజీలకు పోనక్కర్లేదు.

పరగడుపు షుగర్ 126 మిల్లీగ్రాములు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా మధుమేహం. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పుగా రావొచ్చు, సీబీపీతో కలిపి చదవాలి. బీ12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాములకన్నా తక్కువైతే లోపమే. 200 నుంచి 300 మధ్య వచ్చి లక్షణాలు ఉంటే "నార్మల్" అని వదిలెయ్యకుండా బీ12 తగ్గితే రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ యాసిడ్ లేదా హోమోసిస్టీన్ పరీక్ష అడగండి. బీ12 లోపంలో ఎర్రకణాల పరిమాణం పెరగాలి, కానీ ఇనుము లోపం కూడా తోడైతే అది మామూలుగానే కనిపిస్తుంది. మన ఆడవాళ్ళలో ఈ రెండు లోపాలూ కలిసి ఉండటం సాధారణం. జుట్టు, గోళ్ళ కోసం బయోటిన్ గోళీలు వాడేవాళ్ళు రెండు మూడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే థైరాయిడ్ ఫలితం తారుమారవుతుంది. నరాల వేగం చూసే ఎన్‌సీఎస్ పరీక్ష లావు నరాలనే కొలుస్తుంది. మంటలు మండుతున్నా రిపోర్టు బాగుందంటే జబ్బు లేదని కాదు, సన్నని నరాలది కావచ్చు. చేతులు చల్లబడి ఉంటే వేగం తక్కువగా చూపిస్తుంది, ఏసీ గదిలో కూర్చుంటే ముందు చేతులు వెచ్చబరచమనండి.

ఎనిమిదో దశ: మందు, పాదాల కాపలా

బీ12 లోపంతో నరాల లక్షణాలు ఉంటే మొదట ఇంజెక్షన్లే, సాధారణంగా ఒక్కోటి 1000 మైక్రోగ్రాములు, ఎన్ని రోజులకోసారి అన్నది డాక్టరు చెబుతారు. నాలుగు చేయించుకుని తగ్గిందని ఆపేస్తే లోపం మళ్ళీ వస్తుంది, కారణం పోనంతవరకు కొనసాగించాలి. "నరాల బలానికి" అమ్మే గోళీల లేబుల్ మీద పైరిడాక్సిన్, అంటే బీ6 ఎంతుందో చదవండి. కొన్నింటిలో 3 మిల్లీగ్రాములే ఉంటే కొన్నింటిలో 100 దాకా ఉంటుంది. ఎక్కువ మోతాదు నెలల తరబడి వాడితే అదే తిమ్మిర్లు తెస్తుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దవాళ్ళకు రోజుకు 12 మిల్లీగ్రాములు మించొద్దని హద్దు పెట్టింది. టీబీ మందుతో డాక్టరు రాసిన పైరిడాక్సిన్‌ను మాత్రం ఇది చదివి ఆపొద్దు.

ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డ్యూలోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ మంటను, పోటును తగ్గిస్తాయి. పోయిన స్పర్శను తేవు. మొద్దుబారడానికి వాటిని వాడి "పనిచెయ్యలేదు" అనుకోవడంలో అర్థం లేదు. మొదట్లో మత్తుగా ఉంటుంది, బండి నడపొద్దు, చెప్పకుండా ఒక్కసారిగా ఆపొద్దు.

స్పర్శ తగ్గిన పాదాలకు వేడినీళ్ళ కాపడం, ఇటుక కాపడం పూర్తిగా బంద్. కాలిందని తెలియదు. నీటి వేడిని మోచేత్తో చూడండి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. మెత్తటి అట్ట ఉండే ఎంసీఆర్ చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి మంచివి. వేసుకునే ముందు విదిలించి, లోపల చెయ్యి పెట్టి రాళ్ళు, మేకులు చూసుకోవాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుడి ప్రాంగణంలో రాతిబండల మీద ఒట్టికాళ్ళతో ప్రదక్షిణలు చేసి పాదాలు బొబ్బలెక్కించుకునేవాళ్ళు ఎందరో. ఉదయమో సాయంత్రమో వెళ్ళండి. రోజూ రాత్రి అద్దం నేల మీద పెట్టి అరికాళ్ళు చూసుకోండి, వేళ్ళ సందులు తుడుచుకోండి. ఆనెలను బ్లేడుతో కోయొద్దు.

నలిగిన నరం వదులయ్యాక తిరిగి పెరగాల్సి వస్తే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మోచేతి నుంచి చిటికెన వేలి కొస దాకా సంవత్సరం పైనే పట్టొచ్చు. బీ12 మొదలుపెట్టిన తొలి వారాల్లో చిమచిమ కాస్త పెరిగినట్టు కూడా అనిపించవచ్చు, మెరుగు ఆరు నెలల దాకా, కొందరికి ఇంకా ఎక్కువకాలం వస్తూనే ఉంటుంది. నెలకోసారి అదే దూదితో హద్దు మళ్ళీ గీసి ఫొటో తియ్యండి. హద్దు కిందికి దిగుతుంటే చికిత్స సరైన దారిలో ఉంది. మూడు నెలలైనా కదలకపోయినా, పైకి పాకుతున్నా ఫొటోలన్నీ తీసుకుని న్యూరాలజిస్టును కలవండి.